వర్తించదు

సోహార్ సబ్‌స్టేషన్‌లో
రేపు తొమ్మిదింటికి ఆడిట్.
ఇప్పుడు రాత్రి పదకొండు.
పద్నాలుగు ఫైళ్లకు వెన్నుపట్టీలు అంటించాను,
పదిహేనోదానికి జిగురు అయిపోయింది.

మూడేళ్ల కరెంటు
ఈ అట్టల మధ్య పడుకుని ఉంది.
ఏ రిలే ఎన్ని మిల్లీసెకన్లకు మేలుకుందో,
ఏ బ్రేకర్‌లో గ్యాసు ఎంత దిగిందో,
ఎర్త్ పిట్‌లో ఎన్ని బిందెలు పోస్తే
ఈ ఎండునేల పిడుగును మింగడానికి ఒప్పుకుందో.
దీపం వెలిగినన్నాళ్లూ ఎవరూ అడగరు.
వెలిగిందని రుజువు మాత్రం
ఏడాదికోసారి అడుగుతారు.

ఈ ఫారం ఎవరు రాశారో గానీ
వాన పడే దేశంలో కూర్చుని రాసి ఉంటారు.
ఇరవై రెండో గడి:
లైను కింద చెట్లకొమ్మలు కొట్టించారా?
మూడేళ్లుగా నేను కొడుతున్నది ఒకటే,
'వర్తించదు' అనే ముద్ర.

ఉప్పుకు గడి లేదు.
సముద్రం మీంచి రాత్రిళ్లు వచ్చే తేమ
ఇన్సులేటర్ల మీది దుమ్మును ముద్ద చేస్తే
పింగాణీ చుట్టూ నీలంగా
పోపు వేగినట్టు చిటపటలు.
దానికీ గడి లేదు.
'ఇతరములు' అన్నచోట ఇరికించి రాస్తాను.

ఒక కాగితం దొరకడం లేదు.
బ్యాటరీ గది, నెలవారీ పరీక్ష, జూలై.
జూన్ ఉంది. ఆగస్టు ఉంది.
మధ్యలో పన్ను ఊడిన సందు.
నాలుక మాటిమాటికీ అక్కడికే పోతుంది.

బద్ర్ సార్ గుమ్మంలో నిలబడి
నాలుగో కడక్ చాయ్ తాగుతూ
"జూన్ అంకెల్ని కొంచెం అటూ ఇటూ..." అన్నాడు.
వాక్యం పూర్తి చేయలేదు.
మంచివాడు.
మంచివాళ్లు ఇలాంటి వాక్యాలు పూర్తి చేయరు.

నాకు రాదని కాదు.
యాభై ఐదు సెల్లులు,
ఒకదానికి రెండు పాయింట్ రెండు ఒకటి,
పక్కదానికి రెండు పాయింట్ రెండు మూడు.
పది నిమిషాల పని.
ఆ రంగు పెన్ను కూడా నా సొరుగులోనే ఉంది.

చిన్నరాజానికి ఫోన్ చేశాను.
క్యాంపులో పై మంచం దిగిన చప్పుడు.
"జూలైలనా? చెయ్యలే అక్కా.
ఏసీ చెడిపోయె గదా, గది నలబై ఎనిమిది.
ఆసిడ్ వాసనకు కండ్లు మండినయ్, బయటికొచ్చిన.
రాస్తనంటే ఫోర్‌మన్ వద్దన్నడు."
కాసేపు ఆగి,
"ముప్పై ఒకటో సెల్ ఉబ్బినట్టు
అప్పుడే కండ్లబడ్డది."

ఆగస్టు కాగితం తీశాను.
ముప్పై ఒకటి ఎదురుగా: బాగుంది.
"ఇది నువ్వు రాసిందేనా?"
"సంతకం నాదే."

అంతసేపూ లేని కాగితానికి భయపడ్డాను.
ఉన్నదాని సంగతి ఎవరు చూశారు?

టార్చి పట్టుకుని నేనే వెళ్లాను.
ఆసిడ్ గదిలో ఇంత చల్లగా ఏసీ.
వరసలో ముప్పై ఒకటి
నోట్లో నీళ్లు పుక్కిలించి పట్టిన పిల్లాడిలా
బుగ్గలు పొంగించుకుని కూర్చుంది.
ఏదో ఒక రాత్రి గ్రిడ్ పడిపోతే
బ్రేకర్లను తెరిచే చెయ్యి ఇదే.

జూలై సందులో ఒక తెల్లకాగితం పెట్టాను.
'పరీక్ష జరగలేదు.' కింద కారణం.
ఆగస్టు మీద ఒక పసుపు చీటీ.
చిన్నరాజం పేరు ఎక్కడ రాయాలో, రాయాలో వద్దో
రెండింటిదాకా తేలలేదు.
చివరికి నా సంతకం పెట్టాను,
అదీ పూర్తి నిజం కాదు.

పొద్దున ఆడిటర్ రహ్మా వచ్చింది.
అబాయా అంచుకు ఇసుక.
జూలై కాగితం రెండుసార్లు చదివింది.
పసుపు చీటీని వేలితో నొక్కి చూసింది.
ఏమీ అనలేదు, ఏదో రాసుకుంది.
పేజీలు తిప్పుతూ తిప్పుతూ
ఇరవై రెండో గడి దగ్గర ఆగింది.

"నలభై ఏడో టవర్ కింద గాఫ్ చెట్టు ఉంది.
వస్తూ ఆ నీడలోనే కారు ఆపాను.
చిటారు కొమ్మ తీగకు ఎంత దూరమో
ఎప్పుడైనా కొలిచారా?"

నా ముద్ర వైపు చూశాను.
మూడు సంవత్సరాలు. మూడు ముద్రలు.
మూడూ నిటారుగా, గడి దాటకుండా
ఎంత శుభ్రంగా పడ్డాయో.