కోడికునుకు

ఫిషింగ్ హార్బర్‌లో గరికిన ఎల్లాజీ బోటు,
క్యాబిన్ చెక్కకి మేకులు కొట్టి బిగించిన పెట్టె,
లోపల అరచేయంత బోర్డు,
బోర్డు మూలన గోరంత రేడియో చిప్పు.
బోటు ఎక్కడుందో ఒడ్డుకి చెప్పడం దాని పని.
చెప్పాక పడుకోమనడం నా పని.

బ్యాటరీ చిన్నది, వేట పదిహేను రోజులు.
పడుకోకపోతే చచ్చిపోతుంది.
పడుకుంటే, కొన్నిసార్లు, లేవదు.

"పడుకుండిపోనాదమ్మా," అన్నాడు ఫోన్లో,
"ఎంత తట్టినా లెగట్నేదు.
వైరు పీకి మళ్ళీ పెడితే మాత్రం
ఏటీ ఎరగనట్టు లెగిసి కూకుంటాది."

ఋషికొండ మీద, నాలుగో అంతస్తులో,
నా బల్ల మీదున్నదీ అదే చిప్పు.
వెయ్యిసార్లు పడుకోబెట్టాను, వెయ్యిసార్లూ లేచింది.
ఏసీలో దానికేం!

వేట నిషేధం మొదలైంది.
బోట్లన్నీ ఒడ్డున. నాకు అరవై ఒక్క రోజులు.

మే నెల మధ్యాహ్నం పెట్టెని డాబా మీదికి మోశాను.
ఉప్పుగాలి, కాలిన సిమెంటు, తలకి చుట్టుకున్న చున్నీ.
నూట ఎనభై ఏడోసారి
అది లేవలేదు.
సిగ్గులేకుండా గెంతులేశాను.

రెండొందల పేజీల చిప్పు పుస్తకంలో
ఒకే ఒక్క వాక్యం:
లేపిన రెండు మిల్లీసెకన్లకి సిద్ధం.
స్కోపు తెర మీద గీత వేరే మాట చెబుతోంది,
ఏడు, తొమ్మిది, ఎండ ముదిరితే పదకొండు.
కానీ రెండింటికే చెయ్యెత్తి
సిద్ధమే అంటోంది చిప్పు.
అబద్ధమాడుతోందనుకున్నాను చాన్నాళ్ళు.

మా అక్క హైమ కేజీహెచ్‌లో రాత్రి డ్యూటీ.
పగలు పడుకుంటుంది.
ఆ సాయంత్రం కళ్ళు తెరవగానే అడిగాను,
గ్యాస్ బండకి డబ్బులిచ్చావా అని.
"ఆఁ," అంది.
గంట తర్వాత, "నన్నెప్పుడు అడిగావే?" అంది.

కళ్ళు తెరుచుకున్నాయి. మనిషి ఇంకా రాలేదు.
ఆ లోపలే నేను మాట్లాడేశాను.

చిప్పు తయారుచేసినవాళ్ళకి రాశాను.
రాబోయే చిప్పులో సరిచేస్తామన్నారు.
ఇక్కడ మూడొందల బోట్లకి మేకులు దిగిపోయాయి.

కనక డ్రైవర్‌లో ఆరు వరసలు.
నువ్వు ఆ పాత రకానివైతే,
లేపాక ఇరవై మిల్లీసెకన్లు నీతో మాట్లాడను.
నువ్వు సిద్ధమన్నా సరే, మరోసారి అడుగుతాను.
అడుగునున్న ఆ మూడో నిద్రలోకి
నిన్నసలు దింపను.
కోడికునుకు చాలు నీకు.
నెల్లాళ్ళు రావాల్సిన బ్యాటరీ ఇరవై రోజులే వస్తుంది,
వేట పదిహేనే కదా, ఆ అప్పు మేం మోస్తాం.

భుజంగరావుగారు కోడు చదివి
కళ్ళజోడు నుదుటి మీదికి తోశారు.
"ఇది వైద్యం కాదు. కట్టు."
అవునండీ, కట్టే.
యారాడ కొండని ఎవరూ పక్కకి జరపలేదు,
ఓడలే ఒత్తిగిలి లోపలికొస్తున్నాయి.
ఆ మాట ఆయనతో అనలేదు. మెట్లు దిగుతుంటే తట్టింది.

ఆ ఆరు వరసల నెత్తిన ఒక వ్యాఖ్య రాశాను:
అనవసరంగా ఆలస్యం చేస్తోందని దీన్ని తీసెయ్యకండి.
ఎందుకుందో తెలియాలంటే
మేలో, మధ్యాహ్నం, డాబా ఎక్కండి.

జూన్ పద్నాలుగు, అర్ధరాత్రి.
హార్బర్ నోరు దాటి బోట్లు బయల్దేరాయి.
తెర మీద ఒక్కొక్క చుక్కా పొడుస్తోంది.
ఎల్లాజీది రాలేదు.
ఇరవై మిల్లీసెకన్లంటే
రెప్ప సగం కూడా పడదు,
నేను మాత్రం కుర్చీ అంచుకొచ్చేశాను.
వచ్చింది.
భీమిలికి ఎదురుగా, నల్లటి నీళ్ళలో, తన చోట తను.

తెల్లారి ఇంటికెళ్ళి పడుకున్నాను.
అక్క ఎప్పుడొచ్చి పడుకుందో తెలీదు.
సాయంత్రం టీ కప్పు దాని మంచం పక్కన పెట్టి
గుమ్మంలో నిలబడ్డాను.
కళ్ళు తెరిచింది.
గ్యాస్ బండ సంగతి
ఇంకా అడగలేదు.