మోడలు గడి

ఎన్నికల ప్రకటన వచ్చిన మూడోనాడు
నరసాపురం స్టేషన్ వరండాలో
లైసెన్సు తుపాకులు గోడకి ఆనుకుని నిలబడ్డాయి,
రేవులో పంటు కోసం కాచుకున్న ముసలాళ్లలా.

నా పని రిజిస్టరు రాయడం.
యజమాని, ఊరు, నంబరు, తూటాలెన్ని,
ఆ తర్వాత కాస్త వెడల్పాటి గడి: మోడలు.

అది చెప్పేది ఆర్మరర్ ప్రసంగి గారు.
ఇనుము వాసన చూసి పుట్టిల్లు చెప్పగలరని పేరు.

"పన్నెండు బోరు, రాసుకోండి.
పౌను సీసాన్ని పన్నెండు ఉండలు చేస్తే
ఒక్కో ఉండ పట్టే గొట్టం.
ఎక్కువ ఉండలు చేస్తే చిన్న గొట్టం.
పెళ్లింట్లో లడ్డూలు చుట్టే లెక్కే."

స్టేషన్ పాత రైఫిల్ ఒడిలో పెట్టుకున్నాక
ఆయన గొంతు మారింది.
"లీ అన్నది మనిషి. ఎన్‌ఫీల్డ్ అన్నది ఊరు.
ఊరిపేరే ఇంటిపేరుగా మోసేవాళ్లం,
మనకిందులో వింతేముంది?
త్రీ నాట్ త్రీ అంటే లోపలి బెజ్జం కొలత.
మనిషి పోయాడు, చెప్పుల సైజు మిగిలింది."

డమ్‌డమ్ అంటే చప్పుడనుకున్నాను ఇన్నాళ్లూ.
కలకత్తా పక్క ఊరట.
ఆ ఊళ్లో పిల్లలు
బడి చిరునామాలో ఆ పేరు ఎలా రాస్తారో.

"తుపాకి అన్న మాటే తురకల దగ్గర్నుంచి వచ్చిందండి,
మందు ఒక్కటే మనది.
జ్వరానికీ అదే, సాయంత్రానికీ అదే,
దీనికీ అదే."

మధ్యాహ్నం దాటాక
చించినాడ నుంచి ఉద్దరాజు సుభద్రాయమ్మ గారు
ఆటో దిగారు, పాత దుప్పట్లో చుట్టిన రెండు గొట్టాలతో.
అక్షరాలన్నీ అరిగిపోయాయి.
ప్రసంగి గారు కళ్లజోడు తీసి, పెట్టి, మళ్లీ తీశారు.

మోడలు ఏంటండీ అన్నాను.
"మా వారు దీన్ని అల్లుడు అనేవారు బాబూ.
పండక్కీ పబ్బానికీ నూనె రాసి, కొత్త గుడ్డ కట్టి
మర్యాద చెయ్యాలి. పనేం చెయ్యదు."
వరండా అంతా నవ్వింది.
ఎప్పుడూ పేల్లేదా అని ఎవరో అన్నారు.
"ఒక్కసారి పేలింది" అని
ఆవిడ రసీదు కోసం చెయ్యి చాచారు.

తర్వాత చాలాసేపు ఎవరం మాట్లాడలేదు.
ప్రసంగి గారు తెల్లగుడ్డ పీలిక చింపి
కడ్డీకి చుట్టారు.
"దీని పేరు తెలుసా? ఈ రకం మెత్తటి నూలు గుడ్డని
సీమ దుకాణాల్లో మడపోలం అనేవాళ్లట.
మన మాధవాయపాలెమే,
దొరల నోట్లో నలిగి అలా అయింది.
నేసిన మగ్గాల్లేవు,
ఊళ్లో కొంత గోదారి కోసుకుపోయింది.
పేరు మాత్రం ఓడెక్కి బతికింది."

కడ్డీ తోశారు.
మా ఊరి పేరు
ఎక్కడిదో ఊరి గొంతులోంచి దూరి
మసి పూసుకుని అవతల బయటపడింది.
ఆయన దాన్ని ఎండకి పట్టి చూసి
మడిచి జేబులో పెట్టుకున్నారు.

అరిగిన తుపాకి గడిలో
పన్నెండు బోరు అని సిరాతో రాశాను.
పక్కన, పెన్సిలుతో,
చెరిపితే పోయేలా: అల్లుడు.

ఫలితాలొచ్చి రెండు నెలలు.
అందరూ వచ్చి తీసుకెళ్లారు.
ఆవిడ రాలేదు.