తుగ్గలి కంప్యూటరు గది

ఎరువుల కొట్టు పైన ఒక గది.
నాలుగు కంప్యూటర్లు, ఒకటి దగ్గుతుంది.
ఫ్యాను తిరిగితే యూరియా వాసన,
ఆగితే ఆడవాళ్ల నవ్వులు.
నేను బోర్డు మీద మాటలు రాస్తాను:
మౌసు, ఫోల్డరు, వైరసు.
వాళ్లు నోట్లో వేసుకుని కొరికి చూస్తారు,
కొత్త రకం బుడ్డల విత్తనంలా,
పుచ్చుదా, గట్టిదా అని.

"ఫోల్డరంటే సంచే గదా" అంది ఉసేనమ్మ.
"సంచిలో సంచి, దాంట్లో ఇంకో సంచి.
మా అత్త దుడ్లు దాచేది అట్లే."
వైరస్ అనగానే మద్దిలేటమ్మ
గొర్రెలకొచ్చే నీలినాలుక లాంటిదా అనడిగింది.
అదే అన్నాను. ఒకదాన్నుంచి మందకంతా.
"అయితే కొత్త గొర్రెను దొడ్లోకి తోలేముందు
నాల్గు దినాలు బయట కట్టెయ్యాల."
పెన్‌డ్రైవ్ గురించి నా పుస్తకం
మూడు పేజీలు చెప్పిన సంగతి అది.

ఫైర్‌వాల్‌కు మాత్రం ఎవరికీ పోలిక దొరకలేదు.
నిప్పుగోడ అని రాసి,
బాగాలేదని నేనే చెరిపేశాను.

సుంకులమ్మ మాట్లాడదు.
వెనక కుర్చీ, దగ్గే కంప్యూటరు ఆమెది.
ఆ రోజు ఓటీపీ అని రాశాను.
సుద్దముక్క ఇంకా చేతిలో ఉండగానే
లేచి నిలబడింది.

"మేడమా, ఈ మాట నాకు తెలుసు.

మూడేండ్ల కింద, తొలకరి పడిన మర్నాడు
జొన్నగిరి చేన్లో నాకు రాయి దొరికె.
కందిబేడంత.
అరవలే. వంగిన నడుము ఎత్తలే.
ఆకూ వక్కతో పాటు దవడన పెట్టుకుంటి.
పక్క సాల్లోనే మా ఇంటాయన ఉండె,
ఆయనకూ చెప్పలే.
దారిలో ఇద్దరు వ్యాపారులు పలకరిస్తే
పంటినొప్పని సైగ చేస్తి.
అమ్మిన దుడ్లు బ్యాంకులో ఏస్తి.

పోయినేడు ఫోనొచ్చె.
అక్కా అనె. ఎండలు ఎట్లుండాయక్కా అనె.
కార్డు ఆగిపోతాదక్కా, ఆరంకెలు వస్తాయి, చదువు అనె.
సంఘంలో సంతకం నేర్చినప్పుడే అంకెలూ నేర్చింటి.
నాకు చదువొచ్చని వానికి చూపియ్యాలనిపించె.
ఒక్కోటి కూడబలుక్కుని చదివితి.
శబ్బాష్ అక్కా అనె."

ఎవరూ నవ్వలేదు.
ఫ్యాను తిరుగుతూనే ఉంది.
"దవడలో రాయి పెట్టుకుని
నాల్గు మైళ్లు నడిచినదాన్ని" అంది,
"నోరు యాడ మూయాలో తెల్వనిదాన్నా మేడమా?
అంకెలు గూడ రాళ్లేనని
ఎవురూ చెప్పలే, అంతే."

బోర్డు మీద నా అర్థం అట్లే ఉండిపోయింది:
ఒక్కసారికి మాత్రమే పనికొచ్చే సంకేతపదం.
చెరపలేదు. దాని కింద ఇంకేమీ రాయలేదు.

తర్వాతి వారం పాస్‌వర్డులు.
కొడుకు పేరు వద్దు, ఎద్దు పేరు వద్దు,
పుట్టిన తేదీ అసలే వద్దన్నాను.
పుట్టిన తేదీ ఎవరికీ తెలియదు, ఆ బాధ లేదు.
సుంకులమ్మ వంతు వచ్చినప్పుడు
కిటికీ వైపు తిరిగి నిలబడ్డాను.
ఒంటి వేలు. ఒక్కో మీట.
తిరిగి చూస్తే తెర మీద తొమ్మిది నల్ల చుక్కలు.
"ఇది నువ్వు గూడ అడగగూడదు గదా?"
కూడదన్నాను.
"అడిగితే?"
అప్పుడు నేనూ దొంగనే అన్నాను.
మొదటిసారి నవ్వింది, దవడ నిండా ఆకుతో.

నిన్న రాత్రి వాన పడింది.
పొద్దున గది తెరిస్తే ఒక్కరూ లేరు.
ఆటోల్లో, బండ్ల మీద, కాలినడకన
ఊరంతా చేలల్లోకి పోయింది తల వంచుకుని.
మూడు కంప్యూటర్లు సాయంత్రం వదిలినవి వదిలినట్టే,
ఉసేనమ్మ సంచులన్నీ బార్లా తెరుచుకుని.
నాలుగోది దగ్గి, మేలుకుని,
నన్ను పాస్‌వర్డు అడిగింది.