ఏడో ప్రశ్న

సాయంత్రం ఆరు నుంచి పది దాకా
తైపేలో ఒక ఐదో అంతస్తులో కూర్చుని
ముక్కూ మొహం తెలియనివాళ్ళ అభిప్రాయాలు ఏరుకుంటాను.
గంటకు నూట తొంభై డాలర్లు,
చల్లారిన టీ, చెవులకు రెండు నల్లటి డిప్పలు.

కలిసిపోవాలా, విడిపోవాలా, ఇలాగే ఉండాలా?
"ఇలాగే" అనేవాళ్ళే ఎక్కువ.
చేపలమ్మే ఆవిడ నిట్టూరుస్తూ అంటుంది,
సైన్యం నుంచి నిన్ననే ఇంటికొచ్చిన కుర్రాడు
తలుపు గొళ్ళెం పెడుతున్నట్టు అంటాడు.
నా కంప్యూటర్లో మాత్రం ఇద్దరిదీ ఒకటే అంకె, మూడు.

భూకంపం వచ్చిన మూడో రోజున
జాబితాలో కొత్త ప్రశ్న చేర్చారు, ఏడోది.
"జలసంధి అవతలి నుంచి రక్షక దళం వస్తామంటోంది,
రానివ్వాలని గట్టిగా అనుకుంటున్నారా,
కొంతవరకు అనుకుంటున్నారా..."
కామా దగ్గర ఆగాలి. గొంతుకి ఏ రంగూ ఉండకూడదు.
సూపర్‌వైజర్ షియావ్ పెన్సిల్‌తో బల్ల మీద తాళం వేసి చూపించింది.

హువాలియెన్ నంబర్లు తీసేశామన్నారు.
ఒకటి మిగిలిపోయింది.

పేరు అడగకూడదు. ఆయనే చెప్పాడు,
"ఖో థియామ్-టింగ్. వయసు డెబ్బై తొమ్మిది, పళ్ళు పది."
వెనక జనరేటర్ రొద. ఎవరో ఈల ఊదారు.
ఒక్కసారిగా అంతా ఆగిపోయింది.
"ఉండమ్మా," గుసగుసలాడాడు,
"ఈల వేస్తే ఎవరూ మాట్లాడకూడదు. వింటున్నారు."

నేనూ విన్నాను.
నూట ఇరవై కిలోమీటర్ల అవతల
కాంక్రీటు కింద ఎవరైనా గోటితో గీకుతారేమోనని
వీధి వీధంతా ఊపిరి బిగబడితే
ఆ చప్పుడు లేకపోవడం ఫోన్లో ఎంత బరువో
నాకిచ్చిన శిక్షణలో లేదు.

మళ్ళీ ఈల. మళ్ళీ జనరేటర్.
"మూడో అంతస్తు ఇప్పుడు మొదటిదయింది.
కింద నూడుల్స్ కొట్టు పిల్ల ఉంది. ఊఁ, అడుగు."

అడిగాను. కామా దగ్గర ఆగాను.

నవ్వాడో, దుమ్ముకి దగ్గాడో.
"ఎవడైతేనేం, గునపం ఉన్నవాడు రానీ.
ఆగాగు, అలా రాసుకోకు.
పోయిన నెల వాళ్ళ నౌకల విన్యాసాలకి
మా బావమరిది పడవ వారం రోజులు రేవు దాటలేదు.
ఇప్పుడు పార పట్టుకొస్తామంటే
చేతిలోది చూడాలా, చేతులు చూడాలా?
మా ముత్తాతల సమాధులు ఆ ఒడ్డునే ఉన్నాయట,
నేనెప్పుడూ గడ్డి పీకింది లేదు.
అదలా ఉంచు. పొద్దున రేడియోలో విన్నావా,
మా తరఫున లోకానికంతా వాళ్ళే కృతజ్ఞతలు చెప్పారట!
మా నోళ్ళేమయ్యాయని?
దుమ్ము పడింది గానీ, ఉన్నాయి కదా."

నా తెర మీద గడియారం ఎర్రబడింది.
ఆయన ఆగలేదు.
"ఇక్కడ యుదావ్ అని కొండమీది త్రుకు కుర్రాడున్నాడు.
ఆమధ్య టర్కీ వెళ్ళొచ్చాడు, ఇదే పని మీద.
కుక్కకి వాసన చూపించమని
ఒక తల్లి తన కొడుకు చెప్పు ఇచ్చిందట, ఒంటి చెప్పు.
తిరిగివ్వడం మరిచాడు.
ఇంకా వాడి సంచిలోనే ఉంది, ఇందాక చూశాను.
నీ దగ్గర దానికి అంకె ఉందా?"

లేదన్నాను.
"అయితే ఇలా రాసుకో, పిల్ల బతకాలి."
ఈల వినిపించింది.
ఈసారి ఫోన్ ఆయన పెట్టాడో, లైనే పోయిందో.

ఒకటి నుంచి ఐదు దాకా వేలు తిప్పి తిప్పి
తొమ్మిది నొక్కాను, జవాబు చెప్పలేదు అని.
అంత మాట్లాడిన మనిషి గురించి నేనాడిన అబద్ధం అది.

మర్నాడు పేపర్లో గుండ్రటి బొమ్మ.
నీలం, ఆకుపచ్చ వాటాల గురించి
టీవీలో నలుగురు అరుచుకున్నారు.
అంచున గోరంత బూడిదరంగు ముక్క,
దాన్నెవరూ ముట్టుకోలేదు.
నూడుల్స్ పిల్ల సంగతి వెతికాను.
పేరు తెలియనిదే ఏ జాబితాలో వెతకను?

ఇవాళ మళ్ళీ ఆరింటికి కూర్చున్నాను.
థైనాన్‌లో ఎవరో ఎత్తారు.
ఏడో ప్రశ్నలో కామా దగ్గర ఆగాను,
ఆగాల్సినదానికన్నా ఎక్కువసేపు.
అటునుంచి ఒక గొంతు పిలుస్తోంది,
"హలో? ఉన్నారా? వినపడుతోందా?"