వెంట్రుక వెనక

జాలహళ్ళి వాచీల ఫ్యాక్టరీలో పగలంతా
వెంట్రుకంత స్ప్రింగులు బిగించేవాడు సైలస్.
రాత్రి కాక్స్ టౌన్ షెడ్డులో
మా న్యూ వేవ్ బ్యాండుకి డ్రమ్స్.
కళ్ళకి కాటుక, మెడలో చెల్లెలి స్కార్ఫు,
జేబులో మాత్రం ఫ్యాక్టరీ గేటు పాసు.
బీటుకి ఓ వెంట్రుక వెనక కొట్టేవాడు.
తిట్టేవాళ్ళం.

ఎనభై ఆరులో సింగపూర్ నుంచి
డ్రమ్ మెషీన్ వచ్చింది, టిఫిన్ డబ్బా అంత.
చెమట పట్టదు, బస్సు తప్పిపోయిందనదు, వాటా అడగదు.
సైలస్ దానికి చెవి ఆనించి చాలాసేపు విన్నాడు.
"తప్పే కొట్టదు," అన్నాడు, "పాపం."
స్టిక్స్ తువ్వాల్లో చుట్టుకుని
ఆఖరి బస్సు ఎక్కాడు.

రెసిడెన్సీ రోడ్డులో మా పెద్ద షో.
రెండో పాట మధ్యలో కరెంటు పోయింది.
సింథ్ చచ్చింది. నా గిటార్ చచ్చింది. మెషీన్ సరేసరి.
నా గొంతొక్కటే మిగిలి, అదీ వణుకుతుంటే
చీకట్లో వెనక వరసలోంచి ఎవరో
ఇనప కుర్చీ మీద చెంచాతో
పాటని ఎత్తుకున్నారు,
ఏడుస్తున్న పిల్లని చంకనేసుకున్నట్టు.
లైట్లొచ్చాక చూశాను.
టిక్కెట్టు కొనుక్కుని వచ్చాడు.

మొన్న వాళ్ళావిడ ఎస్తేరమ్మ
అతని వాచీ నా చేతిలో పెట్టింది.
రోజుకి నాలుగు నిమిషాలు వెనక నడుస్తోంది.
బాగుచేసే కొట్టుదాకా వెళ్ళి
బయటే టీ తాగి వచ్చేశాను.