పదహారు రంధ్రాల పెట్టె

సిరొంచ సమాజ్ మందిర్‌ల
పెండ్లికుర్చీలు గోడకు నెట్టి
పదమూడు కంప్యూటర్లు పెట్టినం.
ఆరు, మూతబడ్డ సంగణక్ కేంద్రానివి.
కొన్ని మోపెడ్ల మీద, ఒడిల పసిపిల్లలోలె వచ్చినయి.
ఒకటి మాత్రం దుప్పటి చుట్టుకొని
ఆలాపల్లి బస్సుల
సగం టికెట్ కొట్టించుకొని దిగింది.

నేను ఒకప్పుడు ఈ ఊరికి కేబుల్ టీవీ ఇచ్చినోన్ని.
ఇంటింటికి డిష్షులొచ్చినంక నా తీగలకు పని పోయింది,
చేతులకు పోలేదు.
తెలుపు-నారింజ, నారింజ, తెలుపు-పచ్చ, నీలం,
తెలుపు-నీలం, పచ్చ, తెలుపు-గోధుమ, గోధుమ:
ఎక్కం చదివినట్టు చదువుకుంట
ఎనిమిది పోగులు వరుస గట్టి
పటకారుతోని నొక్కుత.
ఒక్క పోగు అటిటైందా,
ఆ పిల్లగాడు రాత్రంత ఒంటరోడే.

స్విచ్చు చంద్రపూర్ పాతసామాన్ల కొట్టుల దొరికింది.
పదహారు రంధ్రాలు, ఏడోది చచ్చింది.
దాని మీద బొట్టుబిళ్ల అతికించింది శ్రావస్తి దుర్గే.
పోటీ పెట్టాలె కాకా, పెట్టాలె అని
హోలీ నుంచి నా పానం తీసింది ఆ పిల్లనే.
ఇండ్ల ఎవ్వరు గుచ్చద్దని
మూడు భాషలల్ల చెప్పింది.

టవర్ పోయి మూడు రోజులైంది.
పెద్దోళ్లు ఫోన్లు పట్టుకొని ప్రాణహిత గడ్డకు పోతున్రు,
అవతలి ఒడ్డు సిగ్నల్‌ను
తునికాకు తీరుగ ఒక్కొక్కటి ఏరుకోను.
లోపలున్న మాకు ఆ బాధ లేదు.
తిరుపతి మడావి ఇక్కడ తుపాకి పేల్చితే
మూడు కుర్చీల అవతల ఓంకార్ అప్పుడే కూలుతడు,
కోపం రానీకి సుత టైం ఉండది.
తిట్టు తెలుగుల బయల్దేరి
మరాఠీల మలుపు తిరిగి
గోండిల నవ్వై దిగుతది.

కూలర్ ఒక్కటే. నడిస్తే తెరలు వణుకుతయి,
ఆపితే పిల్లలు ఉడుకుతరు.
తడిగుడ్డ స్విచ్చు పక్కన పెట్టుకున్న.
మీద కాదు, పక్కన.
జరమొచ్చిన పోరని దగ్గర కూసున్నట్టు కూసున్న.

రాత్రి పదకొండు దాటింది. ఫైనల్.
అన్నీ ఆగిపోయినయి.
ఉరికేటోళ్లు ఎత్తిన కాలు ఎత్తినకాడ్నే ఉన్నరు.
ఎప్పుడు ఎవరి తాళం వాళ్లదే అన్నట్టు మిణికే దీపాలు
ఒక్క తీరుగ, పూనకమొచ్చినట్టు.
కరెంటన్నరు. వైరస్ అన్నరు.
జనరేటర్ భీమన్న పోయి డీజిల్ చూసొచ్చిండు.
నేను మోకాళ్ల మీద, చెప్పుల నడుమ,
తీగ మీద వేలు పెట్టి నడిచిన.

ఇంకెవరన్న వస్తరేమోనని
పదిహేనుల పెట్టి వదిలిన తీగ,
కొస నేల మీద ఉండాల్సింది,
బల్ల కాలు చుట్టి
పదహారుల దూరి ఉన్నది.
పోయిన మాటే మళ్లొచ్చుడు,
వచ్చిందే మళ్ల పోవుడు,
పోయినకొద్ది నోళ్లు పెరుగుడు.
మా గల్లీల ఒక లగ్గం ఇట్లనే చెడింది.

తిరుపతి చెల్లె జంగుబాయి, ఏడేండ్లది,
బల్ల కింద ముడుచుకొని ఉన్నది.
"దానికి ఎవ్వరు లేరు కదా," అన్నది,
"అందుకే పెట్టిన."

పీకిన.
దీపాలు మళ్ల ఎవరి తాళానికి వాళ్లు పడ్డయి.
మొదటి నుంచి ఆడాలె అన్నది శ్రావస్తి.
గెలుపు అంచుల దాకొచ్చిన ఓంకార్
రెండు గంటల చాయ్ దాకా ఎవ్వరితోని మాట్లాడలే.
ఆఖరుకు ఎవరు గెలిచిన్రో నన్ను అడగకుండ్రి,
నేను దీపాలు చూస్తున్న.

పక్కన జంగుబాయికి పటకారిచ్చి
రంగులు చెప్పిచ్చిన. రెండో పచ్చకాడ ఆగింది.
"ఏడోది ఎట్ల చచ్చింది?"
పిడుగు, అన్న. చంద్రపూర్ల పడ్డ పిడుగు.
బొట్టుబిళ్ల మీద వేలు పెట్టి
ఇంక కాలుతున్నదా అని
చానాసేపు చూసింది.