త్రిశంకుడు తలకిందులయ్యే చోట

బోత్‌వెల్ దాటి పద్దెనిమిది కిలోమీటర్లు.
గేటుకి చుట్టిన తీగ విప్పి, కారు దాటించి,
దిగి, మళ్ళీ అదే తీగ చుట్టాలి.
గొర్రెల నెరిడా పెట్టిన షరతు అదొక్కటే.
మిగతా చీకటంతా ఉచితం.

ట్రైపాడ్ మూడు కాళ్ళూ తడిగడ్డిలో గుచ్చుతాను.
పైన ట్రాకర్, ఇటుకరాయంత.
లోపలొక పళ్ళచక్రం, ఒక మోటారు.
భూమికి సరిగ్గా ఎదురు తిరుగుతుంది,
రోజుకి ఒకే ఒక్క చుట్టు.
అంతకుమించి దానికేమీ తెలీదు.

ముందు దానికి ఇరుసు చూపించాలి.
ఇక్కడ ధ్రువుడు లేడు.
ఉత్తరాన నేల వెనక ఉండిపోయాడు, ఎన్నటికీ రాడు.
దక్షిణాన ఆ పదవిలో ఎవరూ కూర్చోలేదు.
వెలవెలబోయిన నాలుగు చుక్కలు
కుక్కిమంచం కోళ్ళలా ఒరిగి
ఆ ఖాళీ ఈ పక్కనే ఎక్కడో ఉందంటాయి.
మోకాళ్ళ మీద కూర్చుని, మెడ విరిచి,
ఒంటికన్నుతో వాటిని పట్టుకోడానికి నాకు నలభై నిమిషాలు.
పెళ్ళినాడు పట్టపగలు
పురోహితుడు అరుంధతిని చూపిస్తే
కనబడిందనేశాను, త్వరగా అన్నం పెడతారని.
ఇక్కడ ఆ అబద్ధం చెల్లదు.
వెంట్రుకవాసి తప్పినా
ప్రతి చుక్కకీ తోక మొలుస్తుంది.

నెరిడా వచ్చింది, ఫ్లాస్కుతో.
పోయినసారి హెడ్‌లైట్లతో వచ్చి
నా ఇరవైమూడో ఫ్రేముని తగలేసింది.
అప్పట్నుంచి దీపాలార్పుకుని
తన పొలంలోకి తనే దొంగలా వస్తుంది.

అక్టోబరు. అర్ధరాత్రి.
కొండంచున త్రిశంకుడు తలకిందులుగా వేలాడుతున్నాడు.
మా ఒంగోలు ఆకాశంలో
కాసేపు నిటారుగా నిలబడి దిగిపోయేవాడు.
తలకిందులయ్యే ఘట్టం నేల కింద జరిగేది.
ఇంద్రుడు తోసింది ఇక్కడికన్నమాట.
నెత్తురంతా తలకి దిగినట్టు
ఆ కిందిచుక్క ఎర్రగా ఉంది.

"అక్కడ నిలబడతావా? నాలుగు నిమిషాలు. కదలొద్దు."
నిలబడింది,
ఈనబోయే గొర్రె పక్కన నిలబడే ఓపికతో.
ఊపిరి కూడా పొదుపుగా తీసింది.
ఎక్కడో పోసమ్ ఒకటి దగ్గి ఊరుకుంది.

తెర మీద చుక్కలన్నీ సూదిమొనలు.
కొండ పడమటికి జారింది.
కంచె కర్రలు ఒకదాన్నొకటి రాసుకుని చెరిగాయి.
నెరిడా ఉన్నచోట
నెరిడా ఎత్తున కొంచెం పొగ.

"నేను కదల్లేదు" అంది, కోపంగానే.
"లేదు. నేలే నిన్ను తీసుకెళ్ళింది."
కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది.
డాక్టరు పిలిస్తే తప్ప హోబార్ట్ మొహం చూడని మనిషి.
"ఎంత దూరం?"
వేళ్ళ మీద లెక్కేశాను.
"ఎనభై కిలోమీటర్లు. తూర్పుకి."
"హోబార్ట్ దాకా అయింది" అంది,
"పెట్రోలు పోయకుండా."

టీ చల్లారింది. లెన్స్‌కి కట్టిన వేడిపట్టీ మీద
కాసేపు వేళ్ళు కాచుకుంది.
"మరి తిరిగి రావడం?"
"వెనక్కి దారి లేదు.
ఇటే చుట్టూ తిరిగి, రేపీవేళకి."

ఫ్లాస్కు మూత బిగించి,
వెళ్ళి మళ్ళీ అక్కడే నిలబడింది.